మా ఇంటి ఫైర్‌వాల్ సాయంత్రం ఏడింటికే ఎందుకు అరిచేది?

మా నాన్న రిటైరై నాలుగేళ్లయింది. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో ఇన్‌వార్డ్, ఔట్‌వార్డ్ రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా, ఇంట్లో ఊరికే ఉండలేదు. పాల లెక్క, నీళ్ల ట్యాంకర్ లెక్క, గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో ఆ తేదీ... అన్నిటికీ ఒక నోట్‌బుక్ ఉంది. ఆ మధ్య డిసెంబర్‌లో ఆ నోట్‌బుక్ వెనక పేజీల్లో కొత్త పద్దు మొదలైంది. దానికి ఆయన పెట్టిన పేరు 'కంప్యూటర్ అరుపులు'.

"ఇగో బిడ్డా, నిన్న ఏడు ఇరవైకి ఒకటి, ఏడు ముప్పై ఐదుకు ఒకటి, తొమ్మిదికి రెండు. ఇయ్యాల పొద్దున్నుంచి ఒక్కటీ లేదు. గిది ఏంది?"

నేనప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి, షేర్ ఆటోలో వనస్థలిపురం చేరేసరికి ఎవరికైనా ఓపిక ఎంత మిగులుతుందో మీకు తెలుసు. చెప్పులు కూడా విప్పకుండానే అనేశాను: "ఏం కాదు నాన్నా, ఆ నోటిఫికేషన్లు ఆఫ్ చేసెయ్."

బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన కూతురు ఇచ్చిన సలహా అది. నాన్న వినలేదు కాబట్టి సరిపోయింది. వినుంటే ఈ కథే లేదు, ఇంకో కథ ఉండేది. అది ఇంత బాగుండేది కాదు.

అలర్ట్‌లో ఏం రాసి ఉంది?

మాది ఎన్జీవోస్ కాలనీలో రెండంతస్తుల ఇల్లు. హాల్లో మూలకి ఒక పాత డెస్క్‌టాప్. నాన్న పింఛను ఖాతా చూసుకునేది, కరెంటు బిల్లు కట్టేది దాంట్లోనే. ఫోన్‌లో డబ్బు సంగతి ఆయనకి నమ్మకం లేదు. ఆ డెస్క్‌టాప్ మీద కుడివైపు కింద ఒక చిన్న డబ్బా టింగుమని లేచేది. 'నెట్‌వర్క్ దాడిని అడ్డుకున్నాం' అని ఎర్ర అక్షరాలు. కింద చిన్నగా ఒక అంకెల వరస: 192.168.0.107. పక్కన 'పోర్ట్ 445'.

మనలో చాలామందిమి ఎర్ర అక్షరాలు చదివి భయపడతాం. చిన్న అక్షరాలు వదిలేస్తాం. అసలు కథంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

ముందు ఫైర్‌వాల్ అంటే ఏంటో చూద్దాం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. మీరు పిలిపించుకున్న ఫుడ్ డెలివరీ అబ్బాయిని లోపలికి పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చినవాణ్ని గేటు దగ్గరే ఆపుతాడు. కంప్యూటర్ కూడా అంతే. మీరు ఒక సైట్ తెరిస్తే, దాని జవాబు లోపలికి రావచ్చు. మీరు అడగకుండా బయటి నుంచి ఎవరైనా తలుపు తడితే, తెరవకూడదు. ఈ తలుపులకే పోర్టులు అని పేరు. ప్రతి కంప్యూటర్‌కీ ఇలాంటివి 65 వేలకు పైగా ఉంటాయి. ఒక్కో పనికి ఒక్కో నంబర్. 443 అంటే భద్రమైన వెబ్‌సైట్లు. 3389 అంటే దూరం నుంచి కంప్యూటర్‌ని నడపడం. 445 అంటే ఫైళ్లు, ప్రింటర్లు ఒకరితో ఒకరు పంచుకోవడం.

ఇంకో ముఖ్యమైన సంగతి. విండోస్‌తో పాటు వచ్చే ఫైర్‌వాల్ మామూలుగా ఇలా అరవదు. బయటివాడు తలుపు తట్టినా నోరెత్తకుండా ఆపేస్తుంది. ఏదైనా కొత్త యాప్ 'నేను లోపల కూర్చుని బయటివాళ్ల కోసం తలుపు తీసి ఉంచుతా' అన్నప్పుడే మనల్ని అడుగుతుంది. 'అనుమతించాలా, వద్దా' అని. 'దాడి అడ్డుకున్నాం' అని మాటిమాటికీ చెప్పేది చాలావరకు మనం విడిగా వేసుకున్న యాంటీవైరస్ ప్యాకేజీలే.

ఎవడో పనిగట్టుకుని మన మీదికి వస్తున్నాడా?

నాన్న భయం అదే. "నా పింఛను ఖాతా ఎవడో కనిపెట్టిండు" అని.

ఇంటర్నెట్‌లో తలుపులు తట్టడం అనేది మన కాలనీలో పాంప్లెట్లు పంచే కుర్రాడి పని లాంటిది. వాడికి మీరెవరో తెలీదు, అక్కర్లేదు కూడా. వరసగా ప్రతి గేటుకీ ఒకటి దూర్చి పోతాడు. 2013లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జీమ్యాప్ అనే టూల్ తయారుచేశారు. మంచి స్పీడున్న కనెక్షన్ ఉంటే, ఒకే ఒక్క కంప్యూటర్‌తో పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రస్‌లన్నిటినీ, అంటే నాలుగు వందల కోట్ల దాకా ఉన్న వాటిని, 45 నిమిషాల్లోపే తట్టి చూడొచ్చని నిరూపించారు. వాళ్లు చేసింది పరిశోధన కోసం. అదే పని దొంగలు చేసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు చేస్తూనే ఉంటాయి.

అయితే ఆ తట్టుళ్లలో ఎక్కువ భాగం మన కంప్యూటర్ దాకా రానే రావు. మధ్యలో వైఫై రౌటర్ ఉంటుంది. బయటి ప్రపంచానికి మామూలుగా రౌటర్ అడ్రస్ ఒక్కటే కనిపిస్తుంది. లోపల ఉన్న కంప్యూటర్, టీవీ, ఫోన్లకి అది సొంతంగా లోపలి నంబర్లు ఇస్తుంది. అవే 192.168 అని మొదలయ్యేవి.

ఇక్కడే నా నిద్ర వదిలింది. నాన్న నోట్‌బుక్‌లో ప్రతి అరుపు పక్కనా అదే అంకె ఉంది. 192.168.0.107. అంటే ఆ తట్టేవాడు రష్యాలోనో ఇంకెక్కడో లేడు. మా ఇంట్లోనే ఉన్నాడు.

మధ్యలో ఒక సైరన్

అసలు సంగతి తేలకముందే ఇంకోటి జరిగింది. ఒకరోజు మధ్యాహ్నం నాన్న ఆ అలర్ట్ అర్థం ఏంటో తెలుసుకుందామని నెట్‌లో వెతికారు. ఏదో లింకు నొక్కారు. అంతే, స్క్రీన్ నిండా నీలం రంగు, సైరన్ మోత. 'మీ ఫైర్‌వాల్ పాడైంది, కంప్యూటర్ లాక్ చేశాం, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి' అని.

ఆయన చేశారు. అవతల చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. స్క్రీన్ వాళ్లకి కనిపించేలా ఒక యాప్ వేసుకోమన్నాడు. నాన్న డౌన్‌లోడ్ దాకా వెళ్లారు. వంటింట్లో పప్పు పోపు పెడుతున్న అమ్మకి ఆ సైరన్ చికాకు తెప్పించింది. వచ్చి గోడ మీది స్విచ్ కట్టేసింది. "ఏందయ్యా ఈ లొల్లి?" అంది.

నేను సర్టిఫికెట్లు పెట్టుకుని ఇంతకంటే మంచి పని చేయలేను. ఎందుకంటే అది అలర్టే కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక మామూలు వెబ్ పేజీ. అరవడానికి ఆడియో పెట్టారు, మూయడం కుదరకుండా ఫుల్ స్క్రీన్ చేశారు. విండోస్ నుంచి వచ్చే నిజమైన హెచ్చరికలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకున్నా మీ ఇంట్లో పెద్దవాళ్లు సగం గండాలు దాటేస్తారు. అలాంటిది కనిపిస్తే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టండి. లేదంటే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. ఏదీ కుదరకపోతే మా అమ్మ పద్ధతి ఉండనే ఉంది.

ఒకవేళ డబ్బు పోయిందంటే మాత్రం సిగ్గుపడుతూ కూర్చోవద్దు. 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత తొందరగా చెబితే, దొంగ ఖాతాలో ఆ డబ్బు ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

మాకు పైసా పోలేదు. కానీ నాన్న ఆ రాత్రి సరిగ్గా తినలేదు. "నేను గంత తెలివి తక్కువోన్నా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నెల రోజులుగా ఆయన అడుగుతుంటే కూర్చుని చెప్పింది ఎవరు? అందుకే కదా నెట్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది.

107 ఎవరు?

ఆ ఆదివారం ఇద్దరం నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాం. అరుపులన్నీ సాయంత్రం ఏడు తర్వాతే. పదకొండు, పదకొండున్నరకి ఆగిపోతున్నాయి. ఆదివారాలు మాత్రం ఒక్కటీ లేదు.

నాన్న పెన్ను కింద పెట్టారు. "మీదున్న పోరడే" అన్నారు.

మేడ మీద గదిలో ఒక అబ్బాయి అద్దెకుంటాడు. దేవరకొండ దగ్గర ఊరు. గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కి వెళ్లి సాయంత్రం ఏడింటికి వస్తాడు. శనివారం రాత్రి ఊరికి వెళ్తాడు. వైఫై మాదే, నెలకి రెండొందలు ఇస్తాడు. నన్ను అక్కా అంటాడు, అమ్మకి మార్కెట్ నుంచి కూరగాయల సంచి మోసుకొస్తాడు.

"మంచోడనుకున్న. నా ఖాతా మీద పడ్డడు. సంక్రాంతికి ఖాళీ చేయమంట" అన్నారు నాన్న.

చేతిలో లెక్క ఉంది, అంకెలు సరిపోయాయి. కానీ అలర్ట్ ఏ యంత్రం నుంచి వచ్చిందో చెబుతుంది, ఏ మనిషి ఉద్దేశమో చెప్పదు. ఈ తేడా ఆయనకి చెప్పడానికి నాకు గంట పట్టింది.

ముందు 107 ఎవరో ఖాయం చేసుకోవాలి కదా. బ్రౌజర్‌లో 192.168.0.1 అని కొడితే మా రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. కొన్ని రౌటర్లలో అది 192.168.1.1. దాంట్లో ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో జాబితా ఉంటుంది. సోమవారం సాయంత్రం చూశాను. 107 పక్కన ఒక లాప్‌టాప్ పేరు. నిజంగానే మేడ మీదిదే.

మీ ఇంట్లో కూడా ఇలాంటివి వస్తుంటే ఇదే వరస. ఏ అడ్రస్, ఏ పోర్ట్, ఏ టైమ్? లోపలి అడ్రస్ అయితే రౌటర్ జాబితాలో అది ఎవరిదో చూడాలి. చాలాసార్లు అది అమాయకమైన పనే అయ్యుంటుంది. స్మార్ట్ టీవీ 'ఇంట్లో ఇంకెవరున్నారు' అని వెతకడం, ప్రింటర్ 'నేనున్నా' అని చాటుకోవడం. కొన్ని యాంటీవైరస్‌లు దాన్ని కూడా దాడి కింద లెక్కేస్తాయి. కానీ ఒక లాప్‌టాప్ రోజూ గంటల తరబడి పక్క కంప్యూటర్ 445 తలుపే తడుతుంటే తేలిగ్గా తీసుకోకూడదు.

445 అనగానే ఎందుకు భయం?

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకి తాళం వేసి, డబ్బు కడితేనే తెరుస్తామంది. ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. మన పక్కనే ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది పాకింది ఈ 445 తలుపు గుండానే. ఎవరూ లింకు నొక్కక్కర్లేదు, ఫైల్ తెరవక్కర్లేదు. ఒకే నెట్‌వర్క్‌లో ఒక యంత్రానికి సోకితే పక్కదాన్ని అదే తడుతుంది. విచిత్రం ఏంటంటే, ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చి 14న, ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. 'తర్వాత గుర్తు చేయి' అని నొక్కినవాళ్లు దొరికిపోయారు.

అసలు ఇంటి కంప్యూటర్లలో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉండటం కూడా ఇలాంటి దెబ్బతోనే మొదలైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది గానీ ఆఫ్‌లో ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చింది. నెట్ కలపగానే 'అరవై సెకన్లలో ఆగిపోతా' అంటూ కంప్యూటర్లు వాటంతటవే రీస్టార్ట్ అయ్యేవి. ఆ మరుసటి ఏడాది, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్‌ని ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టారు.

మేడ మెట్లు

సోమవారం రాత్రే మేడ ఎక్కాను. నాన్న కూడా వెనకే వచ్చారు, నోట్‌బుక్ చంకలో పెట్టుకుని. అబ్బాయి తలుపు తీసి ఇద్దర్నీ చూసి బెదిరిపోయాడు.

నేను అలర్ట్ సంగతి చెప్పగానే అతని మొహం మారిపోయింది. "అక్కా, ఒట్టు, నేనేం చేయలే. నాకు హ్యాకింగ్ అంటే ఏందో కూడా తెల్వదు."

"నువ్వు చేశావని అనట్లేదు తమ్ముడూ. నీ లాప్‌టాప్ నీకు చెప్పకుండా ఏదో చేస్తోందేమో చూద్దాం."

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్. విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. దాని మీద ఎవరో ఎప్పుడో వేసిన దొంగ కాపీ సాఫ్ట్‌వేర్లు, కుడివైపు మూల ఆరిపోయిన యాంటీవైరస్. పాపం అతను చేసేదల్లా పీడీఎఫ్‌లు చదవడం, యూట్యూబ్‌లో క్లాసులు వినడం.

"ఇయ్యాల, రేపు దీనికి వైఫై ఇవ్వకు. ఫోన్‌లో చూసుకో" అన్నాను. ఆ రెండు సాయంత్రాలు నాన్న గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నారు. టింగుమనలేదు. బుధవారం రాత్రి మళ్లీ కలిపాం. పది నిమిషాల్లో టింగ్.

వేరే మంచి కంప్యూటర్‌లో తయారుచేసిన రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో ఆ లాప్‌టాప్‌ని స్కాన్ చేస్తే వార్మ్ బయటపడింది. మా డెస్క్‌టాప్‌కి అప్‌డేట్లు ఉన్నాయి, తలుపు మూసి ఉంది కాబట్టి లోపలికి రాలేకపోయింది. అతనికి అప్పుడు ఒకటే భయం. "అక్కా, రెండేండ్ల నోట్స్ అంతా దీంట్లనే ఉంది. పోతదా?"

పోనివ్వలేదు. ఆ రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తోనే తెరిచి పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రం ఇంకో డ్రైవ్‌లోకి తీశాం. సెటప్ ఫైళ్లు ఒక్కటీ ముట్టుకోలేదు. తీసినవాటిని మళ్లీ స్కాన్ చేశాం. లాప్‌టాప్ మొత్తం తుడిచేసి లైనక్స్ మింట్ వేశాం. పాత యంత్రమే అయినా ఇప్పుడు హాయిగా నడుస్తోంది. పైసా ఖర్చు లేదు, చదువుకి అది చాలు.

నా తప్పులు కూడా ఉన్నాయి

ఇల్లు సర్దుతుంటే నా చెత్త కూడా బయటపడింది. మా డెస్క్‌టాప్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఉన్న యాప్‌ల జాబితా తెరిచాను. ఎప్పుడో తీసేసిన గేములు, పేరు గుర్తులేని డౌన్‌లోడర్లు, అన్నిటికీ టిక్కులు. అడిగిన ప్రతిసారీ చదవకుండా 'అనుమతించు' నొక్కింది నేనే. అన్నీ తీసేశాను. ఆ యాప్‌ని మీరే తెరిచారా? అది ఏంటో మీకు తెలుసా? రెండిటికీ అవునంటేనే అనుమతి. లేదంటే 'రద్దు' నొక్కండి. నిజంగా అవసరమైతే తర్వాత ఇచ్చుకోవచ్చు.

రెండోది, నెట్‌వర్క్ రకం. విండోస్‌లో 'ప్రైవేట్', 'పబ్లిక్' అని రెండుంటాయి. ప్రైవేట్ అంటే 'ఇక్కడున్నవాళ్లంతా మనవాళ్లే, తలుపులు కొంచెం తీయొచ్చు' అని. పబ్లిక్ అంటే 'ఎవరినీ నమ్మను' అని. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఒకసారి సెట్టింగ్స్ చూసుకోండి. ఒక వైఫై మీద నలభై మంది ఉంటే అది మీ ఇల్లు కాదు. పబ్లిక్‌లోనే ఉంచండి.

మూడోది, రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. చాలా రౌటర్లలో దాంట్లో కలిసినవాళ్లకి నెట్ వస్తుంది గానీ మన కంప్యూటర్లు కనిపించవు. మేడ మీదికి ఇప్పుడు అదే ఇచ్చాం. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాం. కొన్ననాటి నుంచి అది 'అడ్మిన్' అనే ఉంది మరి.

చివరిగా, నోటిఫికేషన్లు ఆపేయకండి. వాచ్‌మన్ మాటిమాటికీ పిలుస్తున్నాడని వాడి నోరు కట్టేయకూడదు. ఎందుకు పిలుస్తున్నాడో ఒక్కసారి కిందికి దిగి చూడాలి.

సంక్రాంతికి ఆ అబ్బాయి ఖాళీ చేయలేదు. ఊరికి వెళ్లే ముందు రోజు నాన్న సకినాల డబ్బా పట్టుకుని మేడ ఎక్కడం చూశాను. పైన ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అరగంట తర్వాత దిగొచ్చి నోట్‌బుక్ తీశారు. 'కంప్యూటర్ అరుపులు' పేజీ కింద ఒక గీత కొట్టి, పాత ఆఫీసు అలవాటు ప్రకారం ఒక ముక్క రాశారు: 'విచారణ ముగిసినది. పై గది అబ్బాయి తప్పు లేదు.' కింద సంతకం, తేదీ.

మొన్న మళ్లీ ఒకసారి టింగుమంది. నేను లేచేలోపే నాన్న కళ్లద్దాలు సవరించుకుని చిన్న అక్షరాలు చదివేశారు.

"నువ్వు కూసో బిడ్డా. మన టీవీయే."